ఒకే మనిషి, వేయి పేర్లు
(బ్లాక్‌చెయిన్ వ్యవస్థలలో బూటకపు గుర్తింపుల సమస్య)

మా యాప్రాల్ సికింద్రాబాదుకు ఉత్తరపు అంచున, సైనిక స్థావరాల పొరుగున ఉన్న ప్రాంతం. ఇక్కడ నివసించేవారికి చిరపరిచితమైన దృశ్యం ఒకటున్నది. గేటు వద్ద జవాను నిలబడి ఉంటాడు. వచ్చినవారి ముఖాన్నీ, చేతిలోని గుర్తింపు కార్డునూ కలిపి చూస్తాడు. రెండూ సరిపోతే దారి ఇస్తాడు. లేకుంటే వెనుకకు పంపుతాడు. “నీవెవరు?” అనే ప్రశ్నకు సమాధానం రాబట్టడానికి ఇంతకంటె సులభమైన ఉపాయం లేదు. అయితే ఈ ఉపాయం పనిచేయడానికి మూడు కావాలి: ఒక గేటు, దాని వద్ద ఒక కాపలాదారు, ఆ కార్డును జారీచేసిన ఒక అధికారి. ఈ మూడూ లేనిచోట, ఎవరైనా వచ్చి ఏ పేరైనా చెప్పుకోగలిగినచోట, నిజమైనవారిని బూటకపువారి నుండి వేరుచేయడం ఎట్లా?

నేడు బ్లాక్‌చెయిన్ అని పిలువబడుతున్న కంప్యూటర్ వ్యవస్థలు మొట్టమొదట ఎదుర్కొన్న ప్రశ్న ఇదే. వాణిజ్యశాస్త్ర విద్యార్థులే కాక సాహిత్య విద్యార్థులు కూడా దీనిని గురించి మమ్మల్ని అడుగుతూ ఉంటారు. మేము తెలుగు బోధించేవారమే గాని కంప్యూటర్ శాస్త్రజ్ఞులం కాము. అయినా ఈ వ్యాసానికి పూనుకొన్నాము. ఏలననగా, ఈ సమస్య మూలంలో పేరుకూ నమ్మకానికీ సంబంధించినది. ఆ రెండూ మన ఇళ్ళలో ఎన్నడో ఉన్నవే.

డబ్బాలోని చీటీలు

మేము పాఠశాలలో చదువుకొనే రోజులలో మా అమ్మగారు వాడకట్టులోని స్త్రీలతో కలిసి చీటీ నడిపేవారు. వేలంపాట లేని చీటీ అది. ఇరవై పేర్లు, పేరుకు నెలకు 500 రూపాయలు, ఇరవై నెలలు. పేర్లు రాసిన కాగితపు ముక్కలను ఒక స్టీలు డబ్బాలో వేసి, నెలనెలా ఎవరో ఒక పసివానిచేత ఒకటి తీయించేవారు. ఎవరి పేరు వస్తే వారికి ఆ నెల 10,000 రూపాయలు ముట్టేవి.

ఒక సంవత్సరం వాడకు కొత్తగా వచ్చిన ఒక ఖాలాగారు అందులో చేరారు. తన పేరుతో పాటు, నిజామాబాదులో ఉన్న తన చెల్లెళ్ళవని చెప్పి మరి రెండు పేర్లు ఇచ్చారు. ఆ చెల్లెళ్ళను ఎవరూ చూచి ఎరుగరు. రెండవ నెలలో ఒక చెల్లెలి పేరు వచ్చింది. నాల్గవ నెలలో ఖాలాగారి పేరే వచ్చింది. ఐదవ నెల వచ్చేసరికి ఆమె ఉన్న అద్దె ఇంటికి తాళం వేసి ఉన్నది. మూడు పేర్ల మీద నాలుగు నెలలలో ఆమె కట్టినది 6,000 రూపాయలు. తీసుకొన్నది 20,000 రూపాయలు. మిగిలిన 14,000 రూపాయల లోటును మా అమ్మగారు తన గాజులు అమ్మి పూడ్చారు. ఆ పేర్లను ఒప్పుకొన్నది తాను గనుక బాధ్యత తనదే అన్నారు.

ఇటువంటి పేర్లను మనవారు ‘బేనామీ’ అంటారు. ఈ మాట పారసీకం నుండి ఉర్దూ ద్వారా తెలుగులోకి వచ్చింది. ‘బే’ అనగా లేని, ‘నామ్’ అనగా పేరు. ఉన్న మనిషికి పేరు లేకపోవడం ఒకటి, ఉన్న పేరుకు మనిషి లేకపోవడం మరొకటి. డబ్బాలో పడినది ఈ రెండవ రకం చీటీ. కాగితం ముక్క మీద పేరు రాయడానికి ఖర్చు లేదు గనుకనే అది పడగలిగింది. ఈ చిన్న విషయాన్ని పాఠకులు గుర్తుంచుకొనవలెనని కోరుతున్నాము. తక్కిన వ్యాసమంతా దీని మీదనే ఆధారపడి ఉన్నది.

సమస్య స్వరూపం

బ్లాక్‌చెయిన్ అనగా ఒక చిట్టా పుస్తకం. ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారో అందులో వరుసగా నమోదు అవుతుంది. కొన్ని నమోదులను కలిపి ఒక పుటగా కడతారు. ప్రతి పుటా తన ముందు పుట యొక్క ముద్రను ధరించి ఉంటుంది. కాబట్టి పాత పుటలో ఒక అక్షరం మార్చినా తరువాతి ముద్రలన్నీ చెడిపోతాయి. ఇందుకే దీనిని గొలుసు అన్నారు. సాధారణమైన చిట్టాకూ దీనికీ ఉన్న ముఖ్యభేదం ఏమనగా, ఇది ఒక గుమాస్తా వద్ద ఉండదు. వేలాది కంప్యూటర్లలో దీని ప్రతులు ఉంటాయి. కొత్త పుటను ఎవరు రాయాలి, రెండు పుటలు పరస్పర విరుద్ధంగా వస్తే ఏది ప్రమాణం, అనే సంగతులను ఆ కంప్యూటర్లే తమలో తాము తేల్చుకొనవలసి ఉంటుంది.

తేల్చుకోవడమనగానే లెక్కింపు వస్తుంది. 1982లో లామ్‌పోర్ట్, షోస్టాక్, పీజ్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు దీనినే సేనాపతుల కథగా చెప్పారు. ఒక నగరాన్ని పలువురు సేనాపతులు వేరువేరు చోట్ల నుండి ముట్టడించారు. వార్తాహరుల ద్వారా తప్ప మాట్లాడుకొనే వీలు లేదు. వారిలో కొందరు ద్రోహులు. నోటిమాటపైనే నడిచే వార్తలైతే, ద్రోహులు మొత్తంలో మూడవవంతు కంటె తక్కువగా ఉన్నప్పుడే మిగిలినవారు ఒకే నిర్ణయానికి రాగలరని వారు నిరూపించారు. ఈ సిద్ధాంతంలో పైకి చెప్పని ఒక షరతున్నది. సేనాపతులు ఎందరో ముందే తెలిసి ఉండాలి. ఒక ద్రోహి పది గుడారాలు వేసి, పది జెండాలు ఎగురవేసి, పదిమందిగా వార్తలు పంపగలిగితే మూడవవంతు అనే మాటకు అర్థమే ఉండదు.

ఈ గుడారాల మోసానికి 2002లో ఒక పేరు వచ్చింది. మైక్రోసాఫ్ట్ పరిశోధన విభాగానికి చెందిన జాన్ డౌసర్ దీనిని ‘సిబిల్ దాడి’ అన్నారు. 1973లో అమెరికాలో ఫ్లోరా రీటా ష్రైబర్ ప్రచురించిన ‘సిబిల్’ అనే గ్రంథం, పదహారు వ్యక్తిత్వాలు గల స్త్రీగా వర్ణింపబడిన ఒకామె కథ. ఒకే దేహం, అనేక వ్యక్తులు. ఆ పోలికతో ఈ పేరు కుదిరింది. ఈ పేరు కంటె డౌసర్ తేల్చిన విషయం ముఖ్యమైనది. అందరూ నమ్మే ఒక కేంద్రాధికారం గుర్తింపులను ధ్రువపరచనిచోట, ఆచరణలో సాధ్యం కాని షరతులను ఊహించుకొంటే తప్ప, ఈ దాడిని పూర్తిగా నివారించలేమని ఆయన చూపారు. అనగా, గేటూ జవానూ లేనిచోట పేర్లను లెక్కపెట్టి న్యాయం చేయడం కుదరదు.

ఇది కాగితం మీది భయం కాదు. అంతర్జాలంలో తమ జాడ తెలియకుండా చదువుకొనదలచినవారికి ఉపకరించే టోర్ అనే వ్యవస్థ ఉన్నది. స్వచ్ఛందంగా ఎవరైనా తమ కంప్యూటర్‌ను దానికి మజిలీగా ఇవ్వవచ్చు. 2014 జనవరి చివరలో 115 కొత్త మజిలీలు దానిలో చేరాయి. అవన్నీ ఒకే చేతి కిందివి. పైకి వేరువేరు సహాయకులవలె కనిపించిన ఆ యంత్రాలు వినియోగదారుల జాడ తీయడానికి ప్రయత్నించాయి. జూలై నెలలో గాని నిర్వాహకులు వాటిని గుర్తించి తొలగించలేకపోయారు.

మొదటి రక్షణ: శ్రమ

పేరు రాయడానికి ఖర్చు లేకపోవడమే రోగమైతే, ఖర్చు పెట్టించడమే ఔషధం. ఈ ఆలోచన బ్లాక్‌చెయిన్ కంటె పాతది. అక్కరలేని ఉత్తరాలు వేలకొలది వచ్చిపడకుండా ఉండాలంటే, ఉత్తరం పంపేవాని కంప్యూటర్‌చేత కొంత గణితం చేయించాలని 1992లో సింథియా డ్వర్క్, మోనీ నావోర్ సూచించారు. ఒక ఉత్తరానికి అది భారం కాదు. లక్ష ఉత్తరాలకు భారమే. 1997లో ఆడమ్ బ్యాక్ ఇటువంటి పద్ధతినే ‘హాష్‌క్యాష్’ అనే పేరుతో ఆచరణలోకి తెచ్చారు. 2008 అక్టోబరు 31న సతోషీ నకమోటో అనే మారుపేరుతో వెలువడిన బిట్‌కాయిన్ పత్రం దీనిని చిట్టా రాతకు అన్వయించింది. 2009 జనవరి 3న ఆ చిట్టాలో మొదటి పుట పడింది. మారుపేర్లను అదుపుచేసే ఉపాయాన్ని లోకానికి ఇచ్చినవారి అసలు పేరు ఇప్పటికీ నిర్ధారణ కాలేదు!

దాని పనితీరు ఇది. ‘హాష్’ అనే గణిత ప్రక్రియ ఏ రాతనైనా తీసుకొని నిర్ణీతమైన పొడవు గల ఒక సంఖ్యగా మారుస్తుంది. రాతలో ఒక చుక్క మార్చినా సంఖ్య పూర్తిగా మారుతుంది. ఏ రాతకు ఏ సంఖ్య వస్తుందో ముందుగా ఊహించడానికి వీలులేదు. కొత్త పుట రాయగోరువారు తమ పుట చివర ఏదో ఒక అంకె చేర్చి హాష్ కట్టాలి. వచ్చిన సంఖ్య నిర్ణీతమైన హద్దు కంటె తక్కువగా ఉంటే పుట చెల్లుతుంది; లేకుంటే అంకె మార్చి మళ్లీ కట్టాలి. అట్లా కోట్లాది పర్యాయాలు. దొరకడానికి ఎంతో శ్రమ. దొరికినది సరియైనదో కాదో చూడడానికి ఎవరికైనా ఒక్క క్షణం. సగటున పది నిమిషాలకొక పుట వచ్చేటట్లు, ప్రతి 2016 పుటలకు ఒకమారు ఆ హద్దును సరిచేస్తారు.

ఇప్పుడు మన డబ్బాను తలచుకొందాం. ఇక్కడ చీటీ పేరుకు లేదు, ప్రయత్నానికి ఉన్నది. ఒకే యంత్రం గలవాడు వేయి పేర్లు పెట్టుకొన్నా, ఆ యంత్రం నిమిషానికి చేయగల ప్రయత్నాలు వేయింతలు కావు. ఉన్న ప్రయత్నాలే వేయి పేర్ల మధ్య పంచుకొనబడతాయి. అందుచేత పేర్లు పెంచుకోవడం వలన అవకాశం ఇసుమంతైనా పెరగదు. బూటకపు పేరును పట్టుకొని శిక్షించడం ఇక్కడ జరగడం లేదు. దాని వలన లాభం లేకుండా చేయడం జరుగుతున్నది.

రెండవ రక్షణ: ధరావతు

శ్రమ పద్ధతికి విద్యుత్తు విపరీతంగా ఖర్చవుతుంది. దానికి బదులుగా వచ్చినది ధరావతు పద్ధతి. ఈథీరియం అనే వ్యవస్థ 2022 సెప్టెంబరు 15న శ్రమ పద్ధతి నుండి దీనికి మారింది. విద్యుత్తు వాడకం నూటికి తొంభై తొమ్మిది పాళ్ళకు పైగా తగ్గింది. ఇందులో పుటలను ధ్రువపరచగోరువారు కనీసం 32 ఈథర్లను ముందుగా తాకట్టు ఉంచాలి. ఎవరి వంతు వస్తుందో లాటరీవలె తేలుతుంది. ఆ అవకాశం ఉంచిన ధరావతును బట్టి ఉంటుంది. ఒకరు వంద పేర్లు పెట్టుకోవచ్చు, కాని వంద ధరావతులు ఉంచాలి. ఒకే స్థానానికి రెండు విరుద్ధమైన పుటల మీద సంతకం చేసి దొరికిపోతే ధరావతులో కొంత భాగం పోవడమే కాక, ఆ పేరు వ్యవస్థ నుండి వెలివేయబడుతుంది.

ఇది మనకు బొత్తిగా కొత్త కాదు. 1982 నాటి చిట్‌ఫండ్ల చట్టం ప్రకారం చీటీ నడిపే ఫోర్‌మన్ చీటీ ప్రారంభానికి ముందే తగిన హామీని చూపాలి. ఆయన సత్యసంధుడా కాదా అని చట్టం ఆయన ముఖం చూచి తేల్చుకోదు. తప్పితే పోయేది ఆయనకూ ఏదో ఒకటి ఉండవలెనని మాత్రమే కోరుతుంది. మన ఖాలాగారి విషయంలో కూడా ఆలోచించండి. మూడు పేర్ల మీద ఇరవై నెలలూ డబ్బు కట్టి ఉంటే, ఆ చెల్లెళ్ళు ఉన్నారా లేరా అని ఎవరికీ పట్టింపు ఉండేది కాదు. భారం మోయని పేరు లాభం పొందడమే అక్కడ జరిగిన మోసం.

పొరుగువారిని ఎంచుకోవడం

పుట రాసే అధికారాన్ని ఈ విధంగా కాపాడినా మరొక సందు మిగిలి ఉంటుంది. ప్రతి కంప్యూటరుకూ లోకవార్త తన పొరుగు కంప్యూటర్ల ద్వారానే తెలుస్తుంది. ఆ పొరుగువారందరూ ఒకే మోసగాని వేషాలైతే? ఊరంతా ఒకటనుకొంటుంటే ఈ ఇంటికి మాత్రం వేరొక ఊరిని చూపవచ్చు. దీనిని గ్రహణ దాడి అన్నారు. 2015లో ఈథన్ హీల్‌మన్, షారన్ గోల్డ్‌బర్గ్ ప్రభృతులు బిట్‌కాయిన్ వ్యవస్థలో ఇది ఎట్లా సాధ్యమో చూపగా, వారి సూచనలు కొన్ని ఆ వ్యవస్థలో చేర్చబడ్డాయి.

ఇందుకు విరుగుడు సులభగ్రాహ్యమైనది. బిట్‌కాయిన్ కంప్యూటర్ తనంతట తానుగా సాధారణంగా పది పొరుగు సంబంధాలను ఏర్పరచుకొంటుంది. ఆ పదింటిని అంతర్జాలంలోని వేరువేరు వాడల నుండి ఎంచుకొంటుంది. ఒకే వాడ నుండి వేయిమంది తలుపు తట్టినా ఒకరికి మించి స్థానం దొరకదు. పైగా, పదిమందిలో తొమ్మండుగురు అబద్ధమాడి ఒక్కడు నిజం చెప్పినా చాలు. ఏ గొలుసు వెనుక ఎక్కువ శ్రమ ఉన్నదో కంప్యూటర్ తానే లెక్క కట్టి తెలుసుకొనగలదు. ఎందరు చెప్పారన్నది కాక, ఏ ఆధారంతో చెప్పారన్నది ఇక్కడ ప్రమాణం. విద్యార్థులు పుకార్ల విషయంలో కూడా ఈ సూత్రాన్ని పాటించదగును.

మూడవ రక్షణ: తెలిసినవారికే తలుపు

శ్రమా, ధరావతూ అక్కరలేని మార్గం కూడా ఉన్నది. అది మళ్లీ మన యాప్రాల్ గేటే. సభ్యులెవరో ముందుగా నమోదు చేసి, ధ్రువపత్రం ఇచ్చి, వారిని మాత్రమే చిట్టాలోకి రానివ్వడం. ప్రభుత్వ శాఖలు, బ్యాంకులు సాధారణంగా దీనినే కోరుకొంటాయి. 2018 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాదులో బ్లాక్‌చెయిన్ డిస్ట్రిక్ట్ ఏర్పాటుకై టెక్ మహీంద్రా సంస్థతో ఒప్పందం చేసుకొన్నది. రాష్ట్ర రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖ చీట్ల పర్యవేక్షణకై, హైదరాబాదుకు చెందిన చిట్‌మాంక్స్ సంస్థ రూపొందించిన ‘టీ-చిట్స్’ అనే బ్లాక్‌చెయిన్ ఏర్పాటును చేపట్టింది. మన చీటీల డబ్బా ఈ విధంగా కంప్యూటర్ గొలుసులోకి ప్రవేశించింది.

ఇటువంటి వ్యవస్థలో బయటివాడు వేయి పేర్లతో చొరబడలేడు. కాని ఒక సంగతి మరువరాదు. చిట్టాలో పడిన రాతను ఎవరూ చెరపలేకుండా గొలుసు కాపాడుతుంది. పడిన రాత నిజమా అబద్ధమా అన్నది దానికి తెలియదు. నమోదు చేసే బల్ల వద్దనే బేనామీ పేరు చేరితే, ఆ బేనామీ పేరును కూడా గొలుసు అంతే విశ్వాసంతో భద్రపరుస్తుంది. కాబట్టి భారమంతా గేటు మీద పడుతుంది. గేటు ఎంత కచ్చితమో చిట్టా అంత సత్యం.

రెండు గేట్లు, రెండు రకాల తప్పులు

ఇంతవరకు చెప్పినదాన్ని క్రోడీకరిస్తే, బూటకపు పేర్లను ఎదుర్కొనే మార్గాలు ప్రధానంగా రెండని తేలుతుంది. ఒకటి, నీవెవరో నిరూపించమనడం. రెండు, నీవెవరైనా సరే, వెల చెల్లించమనడం. ఈ రెండూ అవసరమైనవే. ఈ రెండింటికీ లోపాలున్నాయి. ఆ లోపాలను తెలుసుకోవడానికి మన జిల్లాలు దాటి పోనవసరం లేదు.

మొదట నిరూపణ మార్గం. బోగస్ రేషన్ కార్డులను ఏరివేయడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆధార్ రాకకు ముందే, 2005 నుండి, కనుపాపల చిత్రణ మొదలైంది. ఒక మనిషికి ఒకే గుర్తింపు అనే ఆదర్శం మంచిదే. బ్లాక్‌చెయిన్ లోకంలో కూడా 2023 జూలైలో ప్రారంభమైన వరల్డ్‌కాయిన్ అనే సంస్థ కనుపాపను చిత్రించి ‘ఒక మనిషి, ఒక పేరు’ సాధించబూనింది. మరుసటి నెలలోనే కెన్యా ప్రభుత్వం తమ దేశంలో దాని కార్యకలాపాలను నిలిపివేయించింది. శరీరపు గుర్తులను అప్పగించడం ఎంత గంభీరమైన విషయమో దీనివలన తెలుస్తున్నది.

అంతకంటె గంభీరమైనది పొరపాటు. ఓటర్ల జాబితాలలో దొంగ పేర్లను తొలగించడానికి 2015 మార్చిలో ఎన్నికల సంఘం ఓటరు వివరాలను ఆధార్‌తో అనుసంధానించే కార్యక్రమాన్ని ప్రారంభించింది. అదే సంవత్సరం ఆగస్టులో సుప్రీంకోర్టు ఉత్తర్వు అనంతరం అది నిలిచిపోయింది. 2018 డిసెంబరు 7న తెలంగాణ శాసనసభకు పోలింగు జరిగిననాడు, కార్డు చేతబట్టుకొని వరుసలో నిలబడిన అనేకులకు జాబితాలో తమ పేరు కానరాలేదు. రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పవలసి వచ్చింది. రేషన్ కార్డుల విషయం కూడా అట్లాంటిదే. తెలంగాణలో రద్దుచేయబడిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించవలెనని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. రద్దయినవాటిలో బూటకపువి లేవని మేము అనడం లేదు. ఇంటికి పోయి చూడకుండా, మనిషిని పిలిచి అడగకుండా పేరు కొట్టివేస్తే, కొట్టివేయబడినది నీడయో మనిషియో తెలియదని మాత్రమే అంటున్నాము. బూటకపు పేరు అదనంగా చేరితే నష్టం అందరిపై కొద్దికొద్దిగా పడుతుంది. నిజమైన పేరు పోతే నష్టమంతా ఒకే ఇంటి మీద పడుతుంది.

ఇక వెల మార్గం. దీనికి నల్లగొండను మించిన ఉదాహరణ లేదు. 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ నియోజకవర్గం నుండి 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. వీరు బూటకపువారు కారు; అందరూ రక్తమాంసాలు గల మనుషులే. తాగునీటిలోని ఫ్లోరైడ్ వలన ఎముకలు వంగిపోతున్న తమ ప్రాంతం వైపు దేశం చూడడానికి వారు ఎన్నుకొన్న నిరసన మార్గమది. అప్పటికి లోక్‌సభ అభ్యర్థి కట్టవలసిన ధరావతు 500 రూపాయలు మాత్రమే. అదే సంవత్సరం చట్టాన్ని సవరించి ఆ ధరావతును 10,000 రూపాయలు చేశారు. షెడ్యూల్డు కులాల, తెగల వారికి అందులో సగం. 1996లో దేశం మొత్తం మీద 13,952గా ఉన్న అభ్యర్థుల సంఖ్య 1998లో 4,750కి తగ్గింది. వెల ఎంత సమర్థంగా పనిచేస్తుందో ఇది నిరూపిస్తున్నది. అయితే ఆ వెల ఆటకై నిలబడినవానినీ, తాగునీటికై నిలబడినవానినీ ఒకే గీతతో ఆపింది. వెలకు అబద్ధానికీ పేదరికానికీ తేడా తెలియదు.

బ్లాక్‌చెయిన్ రక్షణలో కూడా ఇదే గుణమున్నది. శ్రమ, ధరావతు పద్ధతులలో వేయి పేర్ల మోసం అణగిపోతుంది గాని, వేయి యంత్రాలు గలవాని బలం అట్లాగే ఉంటుంది. శక్తిలో సగానికి పైగా ఒకరి చేతిలో పడితే చిట్టాయే మారిపోవచ్చు. 2020 ఆగస్టులో ఈథీరియం క్లాసిక్ అనే చిన్న వ్యవస్థపై ఒకే నెలలో మూడు పర్యాయాలు అట్టి దాడి జరిగింది. చిన్న వ్యవస్థకు ప్రమాదం ఎక్కువ. అక్కడ సగాన్ని కొనడానికి అయ్యే ఖర్చు తక్కువ గనుక. కాబట్టి ఈ వ్యవస్థలలో ‘ఒక మనిషికి ఒక ఓటు’ అనే మాటకు చోటు లేదు. ధనం యొక్క చిట్టాను ధనం యొక్క బరువుతో కాపాడడం సబబే కావచ్చు. అదే పద్ధతితో ఓటునూ, రేషన్‌నూ, పింఛనునూ పంచవచ్చునని ఎవరైనా అంటే మాత్రం విద్యావంతులు ఆగి ఆలోచించాలి.

ముగింపు

మా అమ్మగారి చీటీ అంతటితో ఆగలేదు. గాజులు పోయిన తరువాతి సంవత్సరం ఆమె కఠినమైన నియమం పెట్టారు. స్వయంగా వచ్చి కూర్చున్నవారి పేరే డబ్బాలో పడుతుందన్నారు. బూటకపు పేర్లు పోయాయి. వాటితో పాటు, పక్షవాతంతో మంచం పట్టిన మా పొరుగింటి నానమ్మ పేరు కూడా పోయింది. ఎన్నో ఏళ్ళుగా ఒక్క నెల తప్పకుండా కట్టిన మనిషి ఆమె. ఆమె మనుమరాలు డబ్బు పట్టుకొని వచ్చి, గుమ్మంలో నిలబడి, తిరిగి వెళ్ళిపోయింది. ఆ రాత్రి మా అమ్మగారు అన్నం తినలేదు.

మూడవ సంవత్సరం నియమం మారింది. రాలేనివారికి ఇద్దరు పాత సభ్యులు జామీను ఉండవచ్చు. జామీను దొరకని కొత్తవారు కూడా చేరవచ్చు, కాని పది నెలలు కట్టిన తరువాతనే వారి చీటీ డబ్బాలో పడుతుంది. పేరు చెప్పినవారినల్లా నమ్మలేదు. పేరు తెలియనివారినల్లా గెంటివేయలేదు. నానమ్మ పేరు మళ్లీ డబ్బాలో పడింది. తరువాత చాలా ఏళ్ళకు, ధరావతు పద్ధతిని గురించి చదివినప్పుడు మాకు ఆ స్టీలు డబ్బా గుర్తుకు వచ్చింది.

మన విద్యార్థులలో కొందరు రేపు ఈ కంప్యూటర్ వ్యవస్థలను నిర్మించే ఉద్యోగాలలో చేరతారు. మరికొందరు ప్రభుత్వ కార్యాలయాలలో జాబితాలు తయారు చేస్తారు. ఎన్ని బూటకపు పేర్లను ఆపారని పైవారు వారిని తప్పక అడుగుతారు. అది అడగవలసిన ప్రశ్నే. ఎందరు నిజమైనవారిని గుమ్మం నుండి తిప్పి పంపామన్న ప్రశ్నను మాత్రం ఎవరూ అడగకపోవచ్చు. దానిని తమంతట తామే వేసుకొనవలెనని మా విద్యార్థులకు మా విన్నపం.